టైమర్ పెట్టినా పిల్లోడి ఫోన్ ఆగట్లేదా? ఏ సమస్య ఎందుకొస్తుంది, ఎట్లా సరిచేయాలి

మా అనంతపురంలో ఎండాకాలం సెలవులొస్తే పొద్దున పదకొండు దాటినాక పిల్లల్ని బయటికి పంపలేము, ఇంట్లో ఉంటే చేతిలో ఫోనే. పోయిన సెలవుల్లో ఏడో తరగతి చదివే మా వాడి ఫోన్‌కి పేరెంటల్ కంట్రోల్ పెట్టడానికి వారం రోజులు తిప్పలు పడినాను, ఆ తర్వాత మా వీధిలో ఇంకో నలుగురి ఫోన్లు కూడా చూసినాను. అన్నిట్లోనూ మొదట చూడాల్సింది ఒకటే అని అర్థమైంది, ఆ ఫోన్లో ఉన్న జీమెయిల్ ఎవరిది? అది తేల్చకుండా మిగతా సెట్టింగులు ఎన్ని మార్చినా నిలబడవు.

సమస్య: యాప్‌కి టైమర్ పెట్టినాను, వాడే తీసేసుకుంటున్నాడు

డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఒక్కో యాప్‌కి పెట్టే టైమర్ మనల్ని మనం కంట్రోల్ చేసుకోవడానికి ఇచ్చింది, ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు అదే పేజీలోకి పోయి తీసేయొచ్చు. పిల్లల కోసం కావాల్సింది ఫ్యామిలీ లింక్, పిల్లల ఫోన్‌ని పెద్దవాళ్ళ ఫోన్ నుంచి అదుపు చేసే గూగుల్ యాప్. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అండ్ పేరెంటల్ కంట్రోల్స్ అని ఉంటుంది, అందులో పేరెంటల్ కంట్రోల్స్ నొక్కితే మొదలవుతుంది. మీ ఫోన్లో ఫ్యామిలీ లింక్ యాప్ వేసుకోండి, ఇక టైమ్ పెట్టేది తీసేది మీ ఫోన్ నుంచే.

సమస్య: ఫ్యామిలీ లింక్ పెట్టినాక కూడా యూట్యూబ్‌లో అన్నీ వస్తున్నాయి

నేను ఎక్కువగా చూసింది ఇదే. నాన్న కొత్త ఫోన్ కొనుక్కుని పాతది పిల్లోడికి ఇచ్చింటాడు, అందులో నాన్న జీమెయిల్ అట్లనే ఉంటుంది. యూట్యూబ్ ఫిల్టర్, ప్లే స్టోర్ ఫిల్టర్ అకౌంట్‌ని బట్టి పనిచేస్తాయి కాబట్టి పిల్లోడు పైన ఉండే ఫోటో నొక్కి నాన్న అకౌంట్‌కి మారితే చాలు, పెద్దవాళ్ళకి వచ్చేవన్నీ వచ్చేస్తాయి. దీనికి పెద్ద తెలివి కూడా అక్కర్లేదు, పదేళ్ళ పిల్లలకి రెండు నిమిషాల పని.

అకౌంట్స్‌లోకి పోయి నాన్న జీమెయిల్ తీసేయండి. దానికి ముందు ఫోటోలు, కాంటాక్టులు బ్యాకప్ అయినాయా చూసుకోండి, యూపీఐ యాప్‌లు కూడా తీసేయండి. పాత ఫోన్ అయితే రీసెట్ చేసి పిల్లోడి అకౌంట్‌తోనే మొదట్నించీ పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం, మేమూ అదే చేసినాము. కానీ అకౌంట్ తీసేసినాకే రీసెట్ చేయండి, లేదంటే మళ్ళీ ఆన్ చేసేటప్పుడు పాత జీమెయిల్ పాస్‌వర్డ్ అడగచ్చు, అది గుర్తులేక అంగడికి పరిగెత్తినవాళ్ళని చూసినాను.

ఇంకోటి, పిల్లోడి జీమెయిల్‌లో పుట్టిన తేదీ చూడండి. ఫోన్ కొన్నప్పుడు అంగడాయన తొందరలో ఏదో ఒక సంవత్సరం కొట్టేసింటాడు, గూగుల్ లెక్కలో మీ పిల్లోడికి పాతికేళ్ళు! పదమూడేళ్ళు నిండిన అకౌంట్ అయితే సూపర్‌విజన్‌కి, అంటే ఫ్యామిలీ లింక్‌తో మీరు అదుపు చేయడానికి, వాడు కూడా ఒప్పుకోవాలి. గూగుల్ అకౌంట్‌లో పర్సనల్ ఇన్ఫోలోకి పోయి నిజమైన తేదీ వేయండి, పదమూడు కంటే తక్కువైతే పెద్దవాళ్ళని జోడించమని అదే అడుగుతుంది.

సమస్య: లాక్ పడినాక కూడా ఎట్లనో తెరిచేస్తున్నాడు

ఇక్కడ ఫోన్ తప్పు ఉండదు. మీ ఫోన్ లాక్ వాడికి తెలుసు. మీరు వంటింట్లో ఉన్నప్పుడు మీ ఫోన్ తెరిచి ఫ్యామిలీ లింక్‌లో వాడికి వాడే అదనపు టైమ్ ఇచ్చుకుంటాడు. మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది, మా వాడే ఒకరోజు వచ్చి చెప్పినాడు, వాడు చెప్పినందుకు నాకు సంతోషమే అయింది. బండి నంబరు, పుట్టినరోజు, వరసగా 1234 ఇట్లాంటివన్నీ మార్చేయండి, మీ గూగుల్ పాస్‌వర్డ్ వాడికి తెలిసుంటే అది కూడా.

సమస్య: ఒకరోజు టైమ్‌కి లాక్ పడుతుంది, ఒకరోజు పడదు

మొదట పిల్లోడి ఫోన్లో డేట్, టైమ్ చూడండి. ఆటోమేటిక్ తీసేసి గడియారం వెనక్కి తిప్పింటే ఆ ఫోన్ లెక్కలో లాక్ పడే టైమే రాదు. ఆటోమేటిక్ ఆన్ చేయండి. రెండోది బ్యాటరీ, కొన్ని ఫోన్లు ఛార్జింగ్ మిగల్చడానికి వెనక నడిచే యాప్‌లని చంపేస్తాయి కాబట్టి బ్యాటరీ సెట్టింగ్‌లో ఫ్యామిలీ లింక్‌కి నో రిస్ట్రిక్షన్స్ పెట్టండి, ఆటోస్టార్ట్ అని ఉంటే అది కూడా ఆన్ చేయండి. మూడోది నెట్. మీరు ఇప్పుడే మార్చిన టైమ్ పిల్లోడి ఫోన్‌కి చేరాలంటే దానికి నెట్ ఉండాల.

దీనికి ఉల్టా కూడా జరుగుతుంది, కరెంటు పోయి వైఫై లేదు, ఫోన్ లాక్ అయి ఉంది, వాడికి అర్జెంటుగా హోంవర్క్ ఫోటో కావాల. అప్పుడు మీ ఫ్యామిలీ లింక్‌లో పేరెంట్ యాక్సెస్ కోడ్ ఉంటుంది, అది వాడి ఫోన్లో కొడితే నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. ఆ కోడ్ మారుతూ ఉంటుంది కాబట్టి వాడు చూసినా ఫర్వాలేదు.

సమస్య: ప్లే స్టోర్‌లో వయసు పెట్టినాను, అయినా చెడ్డవి కనపడుతున్నాయి

ప్లే స్టోర్ కంట్రోల్ ఆ స్టోర్‌లోంచి కొత్తగా దించుకునేవాటికి మాత్రమే. ముందే ఉన్న యాప్‌ని అది ముట్టుకోదు, క్రోమ్‌ని ముట్టుకోదు, వాట్సాప్‌లో ఎవడో పంపిన ఏపీకే ఫైల్‌ని (ప్లే స్టోర్ లేకుండా నేరుగా ఎక్కించుకునే యాప్) అసలే ముట్టుకోదు. పాత యాప్‌లు మీరే కూర్చుని తీసేయండి. ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అనే చోట వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ మూడింటికీ ఆఫ్ చేయండి. ఫ్యామిలీ లింక్‌లో క్రోమ్‌కి అసభ్య సైట్లు ఆపేది ఆన్ చేయండి.

ఇంకొంచెం గట్టిగా కావాలంటే ప్రైవేట్ డిఎన్ఎస్ ఉంది, అంటే ఫోన్ సైట్ల అడ్రస్ ఎవర్ని అడిగి తెలుసుకోవాలో మనమే చెప్పే సెట్టింగ్. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డిఎన్ఎస్ దగ్గర family.cloudflare-dns.com అని ఖాళీ లేకుండా కొట్టండి, పెద్దవాళ్ళ సైట్లు, వైరస్ సైట్లు చాలావరకు ఆగిపోతాయి. ఇది పెట్టినాక నెట్ మొత్తం పోయిందంటే స్పెల్లింగ్ తప్పు పడిందని అర్థం, సిమ్ కంపెనీకి ఫోన్ చేయకముందు ఆ పేరు మళ్ళీ చదవండి.

కొన్ని ఫోన్లలో సెకండ్ స్పేస్, గెస్ట్ యూజర్ అని ఉంటాయి, అంటే ఒక ఫోన్లో ఇంకో ఫోన్ అన్నట్టు. అవి ఉన్నాయేమో చూసి ఆపేయండి.

ఐఫోన్ అయితే

స్క్రీన్ టైమ్‌లో లిమిట్ పెట్టినా ఇగ్నోర్ లిమిట్ నొక్కి ఆడుకుంటున్నాడంటే మీరు పాస్‌కోడ్ పెట్టలేదు, లేదంటే బ్లాక్ ఎట్ ఎండ్ ఆఫ్ లిమిట్ ఆన్ చేయలేదు. రెండూ చేయండి. ఆ పాస్‌కోడ్, ఫోన్ తెరిచే పాస్‌కోడ్ ఒకటే కాకూడదు.

వాడు ఏం చాట్ చేస్తున్నాడో కనపడుతుందా అని చాలామంది అడిగినారు. కనపడదు, ఫ్యామిలీ లింక్ మెసేజ్‌లు చూపించదు. నాకైతే అదే మంచిదనిపిస్తుంది, పన్నెండేళ్ళ పిల్లోడి మాటలన్నీ దొంగచాటుగా చదివితే రేపు కష్టమొచ్చినప్పుడు వాడు మన దగ్గరికి రాడు. ఏం పెడుతున్నామో వాడి ముందే పెట్టి చూపించండి.

సమస్య: అన్నీ సరిగ్గా ఉన్నాయి, కానీ వాడు ఫోన్ అడగడమే మానేసినాడు

జేజి (నాయనమ్మ) ఫోన్ చూడండి. దానికి లాక్ ఉండదు, మధ్యాహ్నం ఆమె నిద్రపోతే అది వాడి చేతిలో ఉంటుంది. ఆమెకి పిన్ గుర్తుండదని భయపడొద్దు. రోజూ వేలు పెట్టి తెరుచుకునేట్టు ఫింగర్‌ప్రింట్ పెట్టండి, ఎప్పుడన్నా ఫోన్ పిన్ అడిగితే కొట్టడానికి అది మీ దగ్గర రాసి పెట్టుకోండి. చేతులు అరిగి వేలిముద్ర పడకపోతే రెండు మూడు వేళ్ళు ఎక్కించండి, మా అత్తకి చివరికి ఎడమచేతి బొటనవేలు పనిచేసింది. యూట్యూబ్‌లో రిస్ట్రిక్టెడ్ మోడ్ కూడా ఆన్ చేయండి, ఆమె చూసే భక్తి పాటలకి దానివల్ల ఏ అడ్డమూ రాలేదు.