వానాకాలం రాకముందే: మీ ఎలక్ట్రిక్ ట్రైలర్ కిలోమీటరుకు ఎన్ని యూనిట్లు తాగుతోంది?

గోదావరి జిల్లాల్లో లారీల వాళ్లకి ఏటా రెండు గండాలు. జులై నుంచి సెప్టెంబరు దాకా ఏటికి వరద, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. ఆ రెండోది సరిగ్గా సార్వా (ఖరీఫ్ వరి) కోతల మీద పడుతుంది. కళ్లంలో ధాన్యం తడిసిపోతోంది, లారీ పంపండి అని రైతులు ఫోన్ల మీద ఫోన్లు చేసే రోజులవి. బండి అవసరం ఎక్కువగా ఉండేదీ అప్పుడే, దారులు మూసుకుపోయేదీ అప్పుడే.

డీజిల్ బండికి ట్యాంకు నిండా ఉందో లేదో చూసుకుంటే సరిపోయేది. దారి మళ్లిస్తే చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లం. మధ్యలో ఆయిల్ అయిపోతే క్లీనర్ డబ్బా పట్టుకుని బంకుకి పోయేవాడు. ఎలక్ట్రిక్ ట్రైలర్‌కి ఆ వెసులుబాటు లేదు. ఇప్పుడు మన దేశంలోనూ 55 టన్నుల ఎలక్ట్రిక్ ట్రాక్టర్లు (ట్రైలర్‌ని లాగే ముందు బండ్లు) అమ్ముతున్నారు. కేంద్ర ప్రభుత్వ పీఎం ఈ-డ్రైవ్ పథకంలో పాత లారీ తుక్కు సర్టిఫికెట్ చూపిస్తే ఒక్కో ట్రక్కుకి గరిష్ఠంగా 9.6 లక్షల దాకా ప్రోత్సాహకం కూడా ఉంది. కొన్నవాళ్లు, కొందామనుకునేవాళ్లు సీజన్ మొదలయ్యేలోపు ఒక్క అంకె సొంతంగా తేల్చుకోవాలి: మీ బండి, మీ లోడుతో, మీ రోడ్డు మీద కిలోమీటరుకు ఎన్ని యూనిట్లు తాగుతోంది? మిగతా జాగ్రత్తలు చాలావరకు ఆ అంకె నుంచే వస్తాయి.

బ్రోచర్ అంకె, రోడ్డు అంకె

ముందు బయటి దేశాల లెక్కలు చూద్దాం. టెస్లా సెమీ మైలుకి 2 యూనిట్ల లోపే తీసుకుంటుందని కంపెనీ చెప్పింది, అంటే కిలోమీటరుకు సుమారు 1.24. డీహెచ్ఎల్ వాళ్లు అమెరికాలో నడిపి చూస్తే మైలుకి 1.72 వచ్చింది, అంటే కిలోమీటరుకు 1.07. మెర్సిడెస్ ఈఆక్ట్రోస్ 600 యూరప్ టూరులో 100 కిలోమీటర్లకి సగటున 103 యూనిట్లు తీసుకుంది. వోల్వో ఎఫ్‌హెచ్ ఎలక్ట్రిక్ 40 టన్నులతో జర్మనీలో కిలోమీటరుకు 1.1 చూపించింది. అన్నీ ఒకటి, ఒకటింబావు మధ్యే ఉన్నాయి. ఈ అంకెలు నమ్మదగ్గవే. కాకపోతే ఆ బండ్లు 34 నుంచి 40 టన్నులవి, గాలిని చీల్చుకుంటూ పోయే క్యాబిన్, నున్నటి మూసిన ట్రైలర్, గుంటల్లేని హైవే.

మన దగ్గర పరిస్థితి వేరు. ఇక్కడ అమ్మే 55 టన్నుల ఎలక్ట్రిక్ బండి మోంట్రా రైనో 5538 సంగతే తీసుకోండి. బ్యాటరీ 282 యూనిట్లు, కంపెనీ చెప్పే రేంజ్ 198 కిలోమీటర్లు. భాగిస్తే కిలోమీటరుకు 1.42. బ్యాటరీని సున్నా దాకా ఎవరూ ఖాళీ చేయరు. ఐదో వంతు పక్కన పెడితే చేతిలో ఉండేది 225 యూనిట్లు, అంటే సుమారు 158 కిలోమీటర్లు. రాజమండ్రి నుంచి విశాఖ సుమారు 190 కిలోమీటర్లు. మామూలు రోజున కూడా మధ్యలో చార్జింగ్ పెట్టకుండా అది ఒకే దెబ్బలో పోయే దూరం కాదు. ఈ సంగతి పార్టీకి కిరాయి మాట్లాడేటప్పుడే తెలిసి ఉండాలి.

ఇక గాలి సంగతి. దీని మీద ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే డీజిల్ బండి మీద దీన్ని మనం ఎప్పుడూ లెక్కపెట్టలేదు. గాలి అడ్డు వేగంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. మీరు 60లో పోతున్నారు, ఎదురుగా 30 కిలోమీటర్ల వేగంతో గాలి కొడుతోంది అనుకోండి. బండికి తగిలే గాలి 90. అడ్డు రెండింతలు దాటిపోతుంది, సరిగ్గా చెప్పాలంటే 2.25 రెట్లు. పెద్ద ట్రైలర్‌కి ఆ ఒక్క కారణంతోనే కిలోమీటరుకు దాదాపు అర యూనిట్ అదనంగా పోతుంది. అప్పుడు ఇందాకటి 1.42 కాస్తా 1.9 అవుతుంది, 158 కిలోమీటర్లు 118కి దిగుతాయి. వాయుగుండం పట్టిన రోజుల్లో కాకినాడ నుంచి తాళ్లరేవు, యానాం, అమలాపురం మీదుగా పోయే 216 హైవే మీద సముద్రపు గాలి ఎలా కొడుతుందో తెలిసినవాళ్లకి ఈ లెక్క ఎంత నిజమో అర్థమవుతుంది. లోడు మీద కప్పే బరకం సరిగ్గా బిగించక అంచులు టపటపా కొట్టుకుంటుంటే అది ఇంకా ఎక్కువ గాలిని పట్టుకుంటుంది. వెనక రెండు తాళ్లు అదనంగా వేసి బిగించడం ఖర్చు లేని పని.

వేగం తగ్గిస్తే మాత్రం వెంటనే ఫలితం కనిపిస్తుంది. చార్జింగ్ తక్కువైనప్పుడు కొందరు డ్రైవర్లు టెన్షన్‌తో త్వరగా చేరదామని తొక్కుతారు. చేయాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం: 60 నుంచి 45కి దించాలి.

వంతెనల గురించి భయపడేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. ఆ భయం అక్కర్లేదు. 55 టన్నుల బండి పది మీటర్ల ఎత్తు ఎక్కడానికి పట్టేది రెండు యూనిట్ల లోపే, దిగేటప్పుడు అందులో కొంత తిరిగి వస్తుంది. మన డెల్టా అంతా చదును నేల, ఎలక్ట్రిక్ లారీకి దొరికిన అదృష్టం అది. మనల్ని తినేది ఊరూరా ఆగడం. నిండు లోడుతో 50 వేగంలో ఉన్న బండిని ఎయిర్ బ్రేకుతో ఒక్కసారి ఆపితే దాదాపు ఒకటిన్నర యూనిట్ వేడిగా పోతుంది. అంటే ఒక కిలోమీటరు ప్రయాణం. స్పీడ్ బ్రేకర్ దూరం నుంచే చూసుకుని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే మోటారే బండిని ఆపుతూ అందులో సగానికి పైగా బ్యాటరీకి తిరిగిస్తుంది. రావులపాలెం నుంచి అమలాపురం దాకా ఎన్ని ఊళ్లు, ఎన్ని బ్రేకర్లు ఉన్నాయో గుర్తు చేసుకోండి.

దీనికి ఒక మినహాయింపు ఉంది, దయచేసి డ్రైవర్లందరికీ చెప్పండి. వానలో, బురద పడిన ఏటిగట్టు రోడ్డు మీద, ఖాళీ ట్రైలర్‌తో వస్తున్నప్పుడు ఆ మోటారు బ్రేకింగ్‌ని తక్కువ స్థాయిలో పెట్టుకోవాలి. అది మోటారు తిప్పే చక్రాల మీదే పనిచేస్తుంది. ఆ చక్రాలు జారితే వెనక ట్రైలర్ తోసుకొచ్చి బండి మధ్యకి మడతపడుతుంది. రెండు యూనిట్లు మిగలడం కోసం ప్రాణం మీదకి తెచ్చుకోవద్దు. బ్యాటరీ నూటికి నూరు నిండి ఉన్నప్పుడు ఆ బ్రేకింగ్ సరిగ్గా పనిచేయదన్న సంగతి కూడా యార్డు నుంచి బయల్దేరేటప్పుడు గుర్తుండాలి.

మీ అంకె మీరే తీసుకోండి

మే, జూన్ నెలల్లో, ఇంకా రోడ్లు పొడిగా ఉన్నప్పుడే ఈ పని చేయాలి. లోడు వేశాక కాటా చీటీ దగ్గర పెట్టుకోండి. బయల్దేరేటప్పుడు స్క్రీన్ మీద శాతం, కిలోమీటర్ల రీడింగ్ ఫొటో తీయండి, దిగాక మళ్లీ తీయండి. 282 యూనిట్ల బ్యాటరీలో 50 శాతం తగ్గితే 141 యూనిట్లు. దాన్ని నడిచిన కిలోమీటర్లతో భాగించండి. తర్వాత చార్జర్ మీటరులో ఎన్ని యూనిట్లు ఎక్కాయో చూడండి. మీటరు కొంచెం ఎక్కువే చూపిస్తుంది, ఆ తేడా చార్జింగ్‌లో పోయే కరెంటు. బిల్లు దాని మీదే వస్తుంది, రేంజ్ మాత్రం బ్యాటరీలో ఉన్నదాని మీదే.

వెళ్లేటప్పటిది, వచ్చేటప్పటిది విడివిడిగా రాసుకోండి. ఖాళీ బండి లోడు బండిలో సగం దాకా మాత్రమే తాగుతుంది, రెండూ కలిపేసి సగటు తీస్తే ఆ అంకె ఎందుకూ పనికిరాదు. స్క్రీన్ మీద కనిపించే మిగిలిన కిలోమీటర్లతోనూ ఇదే చిక్కు. చాలా బండ్లలో అది నిన్నటి నడకను బట్టి చెప్పే అంచనా. ఖాళీగా తిరిగొచ్చిన బండి పొద్దున్నే ఆశగా పెద్ద అంకె చూపిస్తుంది, ధాన్యం బస్తాలు ఎక్కాక చూస్తుండగానే పడిపోతుంది. కొత్త డ్రైవర్ అక్కడే మోసపోతాడు. మొదటి గట్టి వాన పడ్డ రోజున అదే దారిలో మళ్లీ కొలవండి. రెండింటి మధ్య తేడాయే మీ వానాకాలపు లెక్క. టైర్లలో గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూపించండి, గాలి తక్కువైన టైరు తడి రోడ్డు మీద మరింత లాగుతుంది.

భీమవరం, కైకలూరు వైపు రొయ్యలు, చేపలు వేసే బండి అయితే ఇంకో లెక్క కలపాలి. ఐసు వేసిన క్రేట్లకి బండి నుంచి కరెంటు అక్కర్లేదు. కూలింగ్ యూనిట్ బ్యాటరీ మీదే నడిస్తే మాత్రం, గంటకు 6 యూనిట్లు తీసుకునేది ట్రాఫిక్‌లో 8 గంటలు ఇరుక్కుంటే 48 యూనిట్లు పోయినట్టే. నిలబడ్డ చోటే 34 కిలోమీటర్లు కరిగిపోతాయి.

వరద కబురు తెలియగానే

భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులకి మూడు హెచ్చరికలు. డీజిల్ బండి వాళ్లు ధవళేశ్వరం కబురు దాకా ఆగొచ్చు. మీరు భద్రాచలం కబురుకే కదలాలి: ఆ రోజే బండ్లన్నీ నిండా చార్జింగ్ పెట్టి, లంకల వైపు లోడ్లు ఆపేసి, ఎత్తయిన చోటికి చేర్చాలి. నీళ్లు దిగువకి వచ్చేసరికి కనకాయలంక, ఎదురుబీడెం కాజ్‌వేలు మునిగిపోవడం ఏటా చూస్తున్నదే.

సీజన్‌లో ఏ ట్రిప్పుకైనా మామూలు దూరం కాదు, దారి మళ్లించాక అయ్యే దూరం లెక్కలోకి తీసుకోండి. అమలాపురం నుంచి కాకినాడకి 216 మీద సుమారు 65 కిలోమీటర్లు. అది మూసి రావులపాలెం, రాజమండ్రి మీదుగా తిప్పితే దాదాపు రెట్టింపు. ఎదురుగాలి రోజున మన ఉదాహరణలోని బండికి ఆ దూరానికి చార్జింగ్ అసలు చాలదు. ఆ ట్రిప్పు వదులుకోవడమే మేలు.

తుపాను తర్వాత కరెంటు ఎన్ని రోజులకి వస్తుందో ఎవరూ చెప్పలేరు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు ఎలా ఒరిగిపోయాయో చూశాం. రైస్ మిల్లులోనో ఐస్ ప్లాంటులోనో పెద్ద జనరేటర్ ఉంటే ముందే మాట్లాడి పెట్టుకోండి, మీ చార్జర్ దాని మీద పనిచేస్తుందో లేదో ఎండ కాసే రోజునే పరీక్షించండి. జనరేటర్ లీటరు డీజిల్‌కి మూడు యూనిట్ల పైచిలుకు ఇస్తుంది. 30 లీటర్లు పోస్తే 60 కిలోమీటర్లకి పైగా పోవచ్చు. వ్యాపారానికి గిట్టుబాటు కాదు కానీ బండిని ప్రమాదం నుంచి బయటపడేయడానికి పనికొస్తుంది. చార్జర్ దిమ్మె మాత్రం 2022 జులై వరద మీ ఊళ్లో ఎక్కడిదాకా వచ్చిందో ఆ గుర్తు కంటే ఎత్తులో కట్టించండి. ఆ ఏడాది ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది.

నీళ్లు, ఉప్పునీళ్లు

వానలో చార్జింగ్ పెట్టొచ్చు, గన్నులు అందుకే తయారైనవి. చూడాల్సింది చిన్న విషయాలు. గన్ను బురదలో పడేయకూడదు. పోర్టు రబ్బరు మూత పగిలిందేమో, లోపల పిన్నుల మధ్య నీటి బొట్టుగానీ రొయ్యల మేత పొడిగానీ ఉందేమో టార్చి వేసి చూడాలి. సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్నుతో పోర్టు మీదికి, నారింజ రంగు కేబుళ్ల మీదికి నీళ్లు కొట్టనివ్వొద్దు.

బ్యాటరీకి ఐపీ67 (దుమ్ము, నీళ్లు లోపలికి పోవని చెప్పే రేటింగ్) ఉంది కదా అని నీళ్లలోకి దింపేవాళ్లకి ఒక మాట. ఆ పరీక్ష మీటరు లోతు మంచినీళ్లలో అరగంట మాత్రమే. పారే వరదకి, చెరువుల ఉప్పునీటికి, కొన్నేళ్లు గుంటల్లో తిరిగి సీళ్లు అరిగిన బ్యాటరీకి అది హామీ కాదు. ఉప్పునీరు కరెంటుని బాగా పారిస్తుంది, లోపల తుప్పు పట్టించి షార్ట్ చేస్తుంది. 2022 సెప్టెంబరులో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇయన్ తుపాను ఉప్పెనలో మునిగిన ఎలక్ట్రిక్ వాహనాల్లో కొన్ని నీళ్లు తీశాక, రోజులు గడిచాక అంటుకున్నాయి. తీరం వెంబడి, చెరువుల మధ్య తిరిగే మన బండ్లకి ఇది దగ్గరి ప్రమాదం. వారంటీ, బీమా కాగితాల్లో నీట మునిగితే ఏం వర్తిస్తుందో ఇప్పుడే చదివించుకోండి.

బండి బ్యాటరీ దాకా మునిగితే స్టార్ట్ చేయొద్దు, చార్జింగ్ అసలు పెట్టొద్దు. ఫొటోలు తీసి కంపెనీ సర్వీసు వాళ్లకి, బీమా వాళ్లకి కబురు పెట్టండి. ఇల్లు, గోడౌన్, గడ్డిమేటు, ఊక కుప్పలకి కనీసం 15 మీటర్ల దూరంలో ఆరుబయట నిలిపి, సర్వీసు వాళ్లు చూసి సరే అనేదాకా అక్కడే ఉంచండి. బుసబుసమనే చప్పుడు, తెల్లటి పొగ, ఘాటైన వాసన వస్తే దూరంగా పోయి 101కి ఫోన్ చేయండి, ఎలక్ట్రిక్ బండి అని ముందే చెప్పండి. ఇలాంటి మంటకి నీళ్లు చాలా కావాలి, చాలాసేపు కావాలి.

బండిని అక్కడికి లాగించేటప్పుడు కూడా మోటారు తిప్పే చక్రాలు నేల మీద దొర్లకూడదు. అవి తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది. ఆ చక్రాలు పైకెత్తాలి, లేదా మెకానిక్‌తో యాక్సిల్ షాఫ్టులు తీయించాలి. క్రేన్ వాళ్లలో చాలామందికి ఇది కొత్త, హుక్కు తగిలించకముందే పక్కన నిలబడి చెప్పాలి.