గెలిచినవాళ్లకి తమ తప్పు ఎందుకు కనపడదు? సమస్య - పరిష్కారం

పది పనులు మొదలుపెట్టి తొమ్మిదింట్లో నెగ్గినాయన్ని పదోది ఎందుకు పోయిందని అడిగి చూడండి. చాలా కారణాలు చెప్తాడు, వాటిలో ఆయన మాత్రం ఉండడు.

సమస్య: కారణం ఎప్పుడూ బయటే దొరుకుతోంది

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశం 23 సీట్లకి పడిపోయింది, 2024లో వైసీపీ 151 నుంచి 11కి వచ్చింది. రెండుసార్లూ ఓడినవైపు నుంచి ఈవీఎంల మాట వినిపించింది. పార్టీలు మారినా పాట మారలేదు.

కారణం: అహంకారం అంటాం గానీ నా లెక్కలో అది సగమే. అసలు చిక్కేంటంటే, అంతకుముందు ఎందుకు గెలిచామో తప్పుగా అర్థం చేసుకుని ఉంటాం. మా బాబాయికి బస్టాండ్ పక్కన కర్రీ పాయింట్ ఉంది. ఏడేళ్లుగా బ్రహ్మాండంగా నడుస్తోంది, అదంతా తన పప్పుచారు మహిమేనని ఆయన నమ్మకం. ఆ ధైర్యంతోనే ఊరి చివర కాలనీలో రెండోది తెరిచాడు, అది నడవలేదు. వంటమాస్టర్‌ని మార్చాడు, ఇంకోసారి మార్చాడు, బోర్డు మార్చాడు, చివరికి వాస్తు అంటూ గల్లాపెట్టె కూడా ఇటునుంచి అటు జరిపాడు. నేను రెండు సాయంత్రాలు బస్టాండ్ షాపులో కూర్చుని చూశాను: వచ్చేవాళ్లలో ఎక్కువమంది వెనక సందులో రూముల్లో ఉండే కుర్రాళ్లు, కుక్కర్లో అన్నం పడేసి కూర కోసం పరిగెత్తుకొచ్చేవాళ్లు. కాలనీలో ఉన్నవి సంసారాలు, వాళ్లింట్లో కూర వండుకునే ఉంటారు.

పరిష్కారం: ఇదే ఆయనతో అన్నాను. "నాకు వ్యాపారం నేర్పుతావేంట్రా" అన్నాడు. సరేనని ఒక నోటుబుక్ కొనిచ్చి, రోజూ రాత్రి ఏ కూర ఎంత మిగిలిందో రాయమన్నాను, అంతే. పదకొండో రోజు ఆయనే ఫోన్ చేశాడు: "ఒరేయ్, ఆదివారం తప్ప మిగతా రోజులు సగానికి సగం మిగిలిపోతోందిరా, మాస్టర్ వారమంతా ఒకడే కదా!" ఆ షాపు ఎత్తేశాడు, కాలనీకి ఇప్పుడు ఆదివారం ఆర్డర్లు మాత్రం బస్టాండ్ షాపు నుంచే వెళ్తాయి. మీరైతే ఇంకో అడుగు ముందే వేయండి. నిర్ణయం తీసుకునే రోజే తేదీ వేసి, ఇది ఎందుకు చేస్తున్నానో, ఏం జరిగితే తప్పని ఒప్పుకుంటానో రాసి పెట్టుకోండి, ఎందుకంటే ఫలితం వచ్చాక మన మనసు కథ మార్చేస్తుంది, పైగా మార్చిందని మనకే తెలియదు.

సమస్య: మీటింగులో అందరూ తల ఊపుతున్నారు

కారణం: చెడు కబురు తెచ్చినవాడికి ఎప్పుడో గట్టిగా అక్షింతలు పడ్డాయి, మిగతావాళ్లు అది చూశారు.

పరిష్కారం: పైవాడు ముందు తన మీద వేసుకోవాలి. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపినా పక్కనపెట్టి ముందుకెళ్లింది తానేనని ఆ ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలామే తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. కానీ ఆ రోజు పత్రికలవాళ్ల ముందు కూర్చుని బాధ్యత మీదేసుకుంది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్. 1980 జులై 18న ప్రయోగం సక్సెస్ అయినప్పుడు మాత్రం పత్రికలవాళ్ల ముందుకి కలాంని వెళ్లమన్నారు. దీన్ని అందరూ పెద్దమనసు కథలా చెప్తారు. నాకైతే ఇందులో పనికొచ్చే సంగతి ఇంకోటి కనిపిస్తుంది: తలకాయ ఎగిరిపోతుందన్న భయం లేనప్పుడే లోపం ఎక్కడుందో నిజాయితీగా వెతుకుతారు.

సమస్య: తప్పు జరిగింది, కానీ పని గట్టెక్కేసింది

అన్నిటికంటే మొండిది ఇదే. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు నాసా అంతరిక్ష నౌక (స్పేస్ షటిల్) కొలంబియాలో చనిపోయారు. కారణం, ఇంధన ట్యాంకు నుంచి ఊడి షటిల్‌కి తగిలిన ఫోమ్ ముక్క. అలా తగలడం అంతకుముందు ప్రయాణాల్లోనూ జరిగింది, ప్రతిసారీ క్షేమంగా దిగింది కాబట్టి అది మామూలు రిపేరు లెక్కలోకి పోయింది. 1986లో చాలెంజర్ షటిల్ పేలకముందు కూడా అంతే, ఓ-రింగులు (రాకెట్ అతుకుల్ని మూసే రబ్బరు రింగులు) దెబ్బతిన్న గుర్తులు ముందే కనిపించాయి. అదే నాసా, 17 ఏళ్ల తేడా.

పరిష్కారం: నెగ్గిన పని మీద కూడా పంచనామా చేయండి. ఏది అనుకున్నట్టు జరగలేదు, అయినా ఎలా బయటపడ్డాం అని అడగండి. చెప్పడం తేలికే. బాబాయి నోటుబుక్ ఇప్పుడు బస్టాండ్ షాపు గల్లా మీద ఉంది, మొన్న తెరిచి చూస్తే కాలనీ షాపు లెక్కల తర్వాత అన్నీ ఖాళీ పేజీలే. రాయట్లేదేం బాబాయ్ అంటే, "ఇది బాగానే నడుస్తోంది కదరా" అన్నాడు.