పాత కారు హీటెక్కితే థర్మోస్టాట్ పీకేయకండి

పాత కారు హీటెక్కుతోందంటే చాలామంది మొదట చేసే పని థర్మోస్టాట్ (వేడిని బట్టి తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) పీకి పక్కన పడేయడం. దయచేసి ఆ పని చేయకండి. థర్మోస్టాట్ ఉన్నది ఇంజిన్‌ను చల్లబరచడానికి కాదు. ఇంజిన్ తొందరగా వేడెక్కాలి, ఆ వేడి ఒక హద్దు కంటే కిందికి పోకూడదు, అందుకు. 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలయ్యే వాల్వు పూర్తిగా తెరుచుకున్నాక దాని పని అయిపోయినట్టే. అక్కడినుంచి ఉష్ణోగ్రత గేజు ముల్లు 90 దగ్గర ఆగుతుందా, 105 దాకా పోతుందా అన్నది రేడియేటర్, ఫ్యాన్, పంపు, ఇగ్నిషన్ టైమింగ్ తేలుస్తాయి. అందుకే 82 తీసి 74 వేసినా, ఎండలో ట్రాఫిక్‌లో ముల్లు ఎక్కే చోటికే ఎక్కుతుంది, కాస్త ఆలస్యంగా.

వాల్వు లేకుండా నడిపితే మామూలు రోజుల్లో ఇంజిన్ చల్లగానే ఉండిపోతుంది. పెట్రోలు సరిగా ఆవిరి కాక సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, కిందికి దిగి సంపులో (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో) ఆయిల్‌ను పలచన చేస్తుంది. సిలిండర్ లోపలి గోడలు అరుగుతాయి, ఆయిల్‌లో మడ్డి చేరుతుంది. మరి వాల్వు తీశాక కొన్ని బండ్లు ఇంకా ఎక్కువ హీటెక్కుతాయేం? ‘నీళ్లు మరీ స్పీడుగా పోతే రేడియేటర్‌లో చల్లారే టైమ్ ఉండదు’ అంటారు. అది నిజం కాదు. ప్రవాహం పెరిగితే రేడియేటర్ బయటికి వదిలే వేడి పెరుగుతుందే తప్ప తగ్గదు. అసలు కారణం చాలాసార్లు బైపాస్ దారి.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. వాల్వు మూసి ఉన్నప్పుడు పంపు తోసే నీళ్లు సిలిండర్ హెడ్‌లోంచి బైపాస్ ద్వారా మళ్లీ పంపుకే వస్తాయి. జాగ్వార్ ఎక్స్‌కే లాంటి కొన్ని ఇంజిన్లలో బైపాస్ రంధ్రం పెద్దది. పాత బెల్లోస్ థర్మోస్టాట్‌కు (మడతల లోహపు డబ్బా సాగి వాల్వును తెరిచే రకం) చుట్టూ ఒక ఇత్తడి గొట్టం ఉంటుంది. వాల్వు పైకి లేచినప్పుడు ఆ గొట్టం కూడా లేచి బైపాస్‌ను మూసేస్తుంది. ఆ చోట గొట్టం లేని మామూలు మైనపు థర్మోస్టాట్ (లోపలి మైనం కరిగి ఉబ్బి తెరిచే రకం) వేసినా, అసలేమీ వేయకపోయినా, వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండా ఇంజిన్‌లోనే తిరుగుతుంది. ముల్లు ఎక్కుతుంది. కాబట్టి పాతది తీయగానే కొత్తదాని పక్కన నిలబెట్టి చూడండి: గొట్టం ఉందా, అంచు వ్యాసం అంతేనా, ఎత్తు అంతేనా. సరైన మోడల్ దొరక్కపోతే బైపాస్‌కు బిరడా బిగించి, వాల్వు అంచుకు 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయడం ఒక మార్గం. వాల్వు మూసి ఉన్నా ఆ రంధ్రం గుండా కొద్దిగా నీరు కదులుతుంది, చిక్కుకున్న గాలీ పోతుంది.

చెడిపోయే తీరులోనూ ఈ రెండు రకాలకు తేడా ఉంది. బెల్లోస్ చిల్లు పడితే సాగిపోయి వాల్వు తెరిచే ఉండిపోతుంది. మైనం కారిపోతే మూసే ఉండిపోతుంది, అది ప్రమాదం. బండి మీద గుర్తుపట్టడం తేలిక. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్‌కు వెళ్లే పై హోస్ మీద చెయ్యి పెట్టి ఉంచండి, ఫ్యాన్‌కు మాత్రం దూరంగా. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి ఒక్కసారిగా కాలితే వాల్వు మంచిదే. మొదటి నిమిషం నుంచీ మెల్లగా వెచ్చబడుతుంటే తెరుచుకుపోయింది. గేజు ఎరుపులోకి వెళ్లినా హోస్ చల్లగానే ఉంటే మూసుకుపోయింది, వెంటనే ఇంజిన్ ఆపండి. అప్పుడు రేడియేటర్ మూత తీయొద్దు, చన్నీళ్లు పోయొద్దు. హెడ్ పగలడానికి ఆ ఒక్క చెంబు చాలు.

కొత్తదైనా సరే, బిగించే ముందు పరీక్షించండి. వాల్వుకు దారం కట్టి, గిన్నె అడుగుకు తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. పక్కనే థర్మామీటర్, అదీ అడుగుకు తగలకూడదు. సన్న మంట మీద నీళ్లు కలుపుతూ వేడి చేయాలి. అంచు మీద ముద్రించిన అంకెకు రెండు డిగ్రీలు అటూ ఇటూగా కదలిక మొదలవ్వాలి, మరో 10–15 డిగ్రీల్లో పూర్తిగా తెరుచుకోవాలి. నీళ్లు చల్లారుతుంటే పూర్తిగా మూసుకోవాలి కూడా. దారాన్ని వాల్వు సందులోనే ఇరికించి వేలాడదీస్తే ఇంకా బాగా తెలుస్తుంది: తెరుచుకోగానే వాల్వు జారి కింద పడుతుంది, ఆ క్షణంలో థర్మామీటర్ చదవండి.

బిగింపుకు ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. మట్టం వాల్వు కంటే కిందికి వచ్చేదాకా కూలెంట్‌ను శుభ్రమైన పాత్రలోకి దించండి. కూలెంట్‌లోని గ్లైకాల్ విషం, రుచికి తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, కాబట్టి నేల మీద వదలొద్దు. థర్మోస్టాట్ మీది అల్యూమినియం మూతలో స్టడ్లు తుప్పుతో పట్టేసి ఉంటాయి. బలవంతంగా తిప్పితే విరుగుతాయి, ముందురోజే తుప్పు వదిలే నూనె వేసి ఉంచండి. పాత గ్యాస్కెట్ గీకాక మూత అడుగును అద్దం మీద ఎమరీ పేపర్ పరిచి రుద్దండి, వంకర ఉంటే బయటపడుతుంది. స్ప్రింగు, మైనపు గుండు ఇంజిన్ వైపు ఉండాలి, గాలి పోయే చిన్న పిన్ను ఉంటే అది పైకి. కొత్త పేపర్ గ్యాస్కెట్ వేసి, నట్లు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి.

వాల్వు మంచిదై, బండి ఇంకా హీటెక్కుతుంటే రేడియేటర్ చూడాలి. నడిపి వచ్చాక కోర్ (సన్న ట్యూబులున్న మధ్య భాగం) అంతా చేత్తో తడమండి. చల్లటి పట్టీ తగిలిన చోట ట్యూబులు మూసుకుపోయాయి. రేడియేటర్ విప్పి తలకిందులు చేసి, కింది పైపు వైపు నుంచి హోస్‌తో నీళ్లు పెట్టి కడగండి. సున్నం పేరుకుంటే లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, ఇంజిన్ వేడిగా 20 నిమిషాలు నడిపి, దించి, రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి. అల్యూమినియం హెడ్ ఉంటే ఆ నిమ్మ ఉప్పు నీళ్లను లోపల అంతకంటే ఎక్కువసేపు ఉంచొద్దు. బ్లాకు కింద డ్రెయిన్ ట్యాపు తెరిచినా నీళ్లు రాకపోతే తీగతో పొడవండి, వెనక సిలిండర్ చుట్టూ గసి పేరుకుని ఉంటుంది. ఫ్యాన్ బెల్టు మధ్యలో నొక్కితే 12 మిల్లీమీటర్లు దిగాలి. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిగినా, పెట్రోలు–గాలి మిశ్రమం పలచబడినా హీటెక్కుతుంది. ఇంజిన్ రేస్ చేసినప్పుడు కింది హోస్ చదునుగా నొక్కుకుపోతే, లోపలి స్ప్రింగు లేదన్నమాట.

రేడియేటర్‌కు 7 పౌన్ల (చదరపు అంగుళానికి) ఒత్తిడిని ఆపే మూత ఉంటే మామూలు నీళ్లు మరిగేది 111 డిగ్రీల దగ్గర. మూత బలం పెంచొద్దు, పాత రేడియేటర్ అతుకులు దానికి తట్టుకోవు. అసలు ఒత్తిడి లేని రేడియేటర్లయితే పైదాకా నింపొద్దు, ట్యూబులు మునిగాక 3 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. పంపు లేక వేడి నీరు పైకి లేచే గుణంతోనే తిరిగే ఇంజిన్లలో, ఉదాహరణకు ఫోర్డ్ మోడల్ టీలో, నీటిమట్టం పై పైపు కంటే కిందికి దిగితే ప్రవాహమే ఆగిపోతుంది.

కూలెంట్ సగం, మంచినీళ్లు సగం, పాతతరం రకమే (తరచుగా నీలం రంగులో ఉంటుంది) వాడండి; ఇత్తడి, సోల్డర్ ఉన్న రేడియేటర్లకు అదే నప్పుతుంది. రెండేళ్లకోసారి మార్చాలి. నింపేటప్పుడు ముందు చక్రాలు కొంచెం ఎత్తులో పెట్టి, హీటర్ తెరిచి, రేడియేటర్ మూత తీసి, పై హోస్‌ను పిసుకుతూ బుడగలు ఆగేదాకా ఐడిల్‌లో ఉంచండి. వేడెక్కిన తర్వాత కూడా బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూసి, థర్మోస్టాట్ మూత నట్లు ఇంకో పావు మలుపు తిప్పండి.