కుమితే (కరాటే పోరు)లో ఒంటి ఇంధనం – 4వ పాఠం: దెబ్బకూ దెబ్బకూ మధ్య

గత పాఠంలోని అభ్యాసం చాలామందికి బెడిసికొట్టింది. 6 సెకన్లు పూర్తి వేగం, 2 నిమిషాలు విరామం అని ఇస్తే, విరామాన్ని 20 సెకన్లకు కుదించేశారు. నాలుగో విడతకే గ్యాకు జుకి (వెనకచేతి గుద్దు)లో పస పోయింది, తొడలు బిగుసుకున్నాయి.

ఎందుకంటే, కండరంలో సిద్ధంగా ఉండే ఏటీపీ (కండరం నేరుగా వాడుకునే ఇంధనం) రెండు మూడు సెకన్లకే చాలుతుంది. దాన్ని అప్పటికప్పుడు పూడ్చేది ఫాస్ఫోక్రియాటిన్. అదీ పూర్తి తీవ్రతలో పది సెకన్లకు చాలామటుకు అయిపోతుంది. అడుగంటాక సగం చేరడానికే అరనిమిషం కావాలి, దాదాపు నిండడానికి 3 నుంచి 5 నిమిషాలు. మీరు ఊరీ ఊరని చెలమలో కడవ ముంచారు.

ఇక్కడే ఒక పట్టిక అందరినీ పాడుచేస్తోంది: మొదటి 10 సెకన్లు ఫాస్ఫోక్రియాటిన్, తర్వాత లాక్టిక్ (ఆక్సిజన్ లేకుండా చక్కెరను వాడే దారి), రెండు నిమిషాలు దాటాకే ఆక్సిజన్. ఇది తప్పు. ‘హజిమే’ (మొదలుపెట్టు) అనగానే మూడు పొయ్యిలూ వెలుగుతాయి, మంట పాళ్లు మాత్రమే మారతాయి. పైగా ఆ పట్టిక ఆగకుండా చేసే శ్రమకు గీసింది. కుమితేలో కిజామి–గ్యాకు జోడీ (ముందుచేతి గుద్దు, వెంటనే వెనకచేతి గుద్దు) ఒకటి రెండు సెకన్లలో ముగుస్తుంది. తర్వాత పాదాల మీద ఊగుతూ దూరం చూసుకోవడం, ‘యామే’ (ఆగు) అన్న పిలుపు, మొదలు గీత దగ్గరికి నడక. ఆ నడకలోనూ ఆక్సిజన్ ఫాస్ఫోక్రియాటిన్‌ను తిరిగి కూడగడుతూనే ఉంటుంది. 2004లో ప్రచురితమైన ఒక కొలతలో కుమితే శక్తిలో సుమారు 78 శాతం ఆక్సిజన్ దారిది, 16 శాతం ఫాస్ఫోక్రియాటిన్‌ది, లాక్టిక్ వాటా 6 శాతమే. పాయింటు తెచ్చేది ఆ 16 అయితే, దాన్ని మళ్లీ మళ్లీ నింపేది ఆ 78. ‘అతోషి బరాకు’ (ఇక కొద్ది సమయమే) వినబడి 15 సెకన్లే మిగిలినప్పుడు కాలు లేవాలంటే ఈ నింపుడు జరిగి ఉండాలి. దానికోసం వాంతి వచ్చేదాకా 400 మీటర్లు పరుగెత్తించనక్కర్లేదు.

వారానికి మూడు రోజులు 25 నిమిషాల స్కిప్పింగ్ చేయండి, పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంలో. జాగింగ్ కన్నా నాకు ఇదే ఇష్టం, పాదం ముందుభాగం మీద ఊగే అలవాటు ఇందులోనే ఉంది.

ఇక పరీక్ష. 3 నిమిషాల గడియారం, ప్రతి 12 సెకన్లకు ఒక పూర్తి వేగపు దాడి, మొత్తం 15. మధ్యలో ఊగుతూనే ఉండాలి, ‘యామే’లు లేవు. మొదటి దాడిలో ముందుకాలు పడ్డచోట సుద్దగీత పెట్టండి. పదిహేనో దాడి ఆ గీతకు బెత్తెడు కన్నా వెనకబడితే ఓడినట్టే. 5 నిమిషాలు ఆగి మళ్లీ, అలా నాలుగు రౌండ్లు. ఈసారి విరామం కోయకండి.