కిస్తీల డిక్రీ: బాకీదారు సరిహద్దు అవతల ఉంటే వసూలు ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడి కోర్టులో డబ్బు దావా గెలిచారు. బాకీదారు నెలకింత కడతానన్నాడు, మీరు సరేనన్నారు. ఆ కిస్తీ కోర్టు ఉత్తర్వులోకి ఎక్కిందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. డిక్రీ (బాకీ కట్టమనే కోర్టు ఉత్తర్వు) అయ్యాక కిస్తీలు పెట్టమని అతను అడగాలంటే గడువు 30 రోజులు, పైగా మీ ఒప్పుదల ఉండాలి. ఒప్పుకునేటప్పుడు ‘ఒక్క కిస్తీ తప్పినా మిగతాదంతా ఒకేసారి వసూలు చేసుకోవచ్చు’ అన్న వాక్యం రాయించుకోండి. అది లేకపోతే తప్పిన కిస్తీలకే ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేయగలరు, మిగతా వాటికి ఆయా తేదీలు వచ్చేదాకా ఆగాల్సిందే.

డబ్బు చేతికి తీసుకోవద్దు. బ్యాంకు ద్వారానో, రాతలో రుజువు మిగిలే మరో పద్ధతిలోనో రావాలి. ఫోన్‌పేలో పంపిస్తే దావా నంబరు కూడా రాయమనండి. వచ్చిన ప్రతి కిస్తీనీ కోర్టులో నమోదు చేయించండి. నమోదు కాని చెల్లింపును అమలు చేసే కోర్టు లెక్కలోకి తీసుకోదు కదా అని ధీమాగా ఉండకండి. అందిన సొమ్మెంతో ఈపీలో మీరే ప్రమాణం మీద రాయాలి. అక్కడ దాస్తే కేసు మీ మీదికే తిరుగుతుంది.

ఎక్కువ తగాదాలు లెక్క దగ్గరే వస్తాయి. డిక్రీలో వేరే చెప్పకపోతే వచ్చిన సొమ్ము ముందు వడ్డీకి, ఖర్చులకు పోయి, మిగిలింది అసలుకు జమవుతుంది. అసలు 2,40,000, వడ్డీ ఏడాదికి 6 శాతం అనుకుందాం. నెల వడ్డీ 1,200. అతను 10,000 కడితే అసలులో తగ్గేది 8,800 మాత్రమే. మిగిలిన 2,31,200 మీద వచ్చే నెల వడ్డీ 1,156. ఖర్చులు కూడా బాకీ ఉంటే అసలు ఇంకా నెమ్మదిగా తగ్గుతుంది. ఈ పట్టీ నెలనెలా రాసుకుంటే ఈపీ వేసే రోజు వకీలు దగ్గర తడుముకోనక్కర్లేదు.

బాకీదారు ఆంధ్రలోని పాతపట్నం వైపు ఉంటే, భూమీ అక్కడే ఉంటే, పర్లాకిమిడి కోర్టు దాన్ని జప్తు చేయలేదు. డిక్రీని ఆ పరిధిలోని కోర్టుకు బదిలీ చేయమని ఇక్కడే పిటిషన్ వేయాలి. డిక్రీ నకలు, ఎంత వసూలైంది ఎంత మిగిలింది అని చెప్పే సర్టిఫికెట్ ఈ కోర్టు నుంచి నేరుగా ఆ కోర్టుకు వెళ్తాయి. రాష్ట్రం మారినా పద్ధతి ఇదే. ఆ సర్టిఫికెట్‌లో కిస్తీల లెక్క తప్పుగా పడితే అవతల సరిచేయించుకోవడం పెద్ద తలనొప్పి. పంపకముందే చదవండి. ఆస్తి వివరాలకు ఆంధ్ర వైపు 1బి (భూమి ఎవరి పేర ఉందో చూపే రికార్డు), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీల పత్రం) తీయించండి. ఒడిశా భూమైతే అక్కడి భూరికార్డుల సైటు భూలేఖ్‌లో ఖాతా, ప్లాట్ నంబర్లు దొరుకుతాయి.

బాకీదారు ప్రభుత్వ ఉద్యోగి అయితే ఈ బదిలీ తిప్పలు లేవు. అతనికి జీతమిచ్చే అధికారి ఈ కోర్టు పరిధిలో లేకపోయినా జీతం జప్తు ఉత్తర్వు ఇక్కడినుంచే వెళ్తుంది. జప్తు నుంచి మినహాయింపు ఉన్న అలవెన్సులు పోను జీతం 40,000 అయితే మొదటి 1,000, మిగతా 39,000లో మూడింట రెండు వంతులు, అంటే 26,000 ముట్టరాదు. మీకు వచ్చేది నెలకు 13,000. ఒకే డిక్రీకి మొత్తం 24 నెలలే పట్టగలరు, కాబట్టి బాకీ 3,12,000 దాటితే పైమొత్తానికి మరో దారి చూసుకోవాలి.

ఆస్తులేవీ కనబడకపోతే, డిక్రీ సొమ్ము 30 రోజులుగా తీరకుండా ఉన్నప్పుడు, అతని ఆస్తుల అఫిడవిట్ అడగండి. ఉత్తర్వు ధిక్కరిస్తే 3 నెలల దాకా సివిల్ జైలు ఉంటుంది.

గడువు 12 ఏళ్లు, కిస్తీల డిక్రీలో కిస్తీ తప్పిన రోజునుంచి. మధ్యలో అతను కొంత కట్టినా, ‘ఇస్తాను’ అని రాసిచ్చినా ఈ గడువు పెరగదు. కొంత కడితే గడువు పెరిగే ప్రామిసరీ నోటు లెక్క డిక్రీకి పనికిరాదు. మొత్తం ఒకేసారి అడిగే షరతు ఉంటే మొదట తప్పిన కిస్తీ తేదీనుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. డిక్రీ తేదీనుంచి రెండేళ్లు దాటాక ఈపీ వేస్తే ముందుగా అతనికి నోటీసు వెళ్తుంది. ఆలోగా ఆస్తి చేతులు మారిపోయే సందు దొరుకుతుంది. అందుకే రెండో కిస్తీ తప్పేదాకా ఆగకండి.