జపాన్ ప్రయాణానికి ముందు జపనీస్: తెలుగు మీదుగా మూడు వారాల్లో ఎలా నేర్చుకోవాలి?

వారం పది రోజులు తిరిగి రావడానికి దారి అడగడం, తిండి చెప్పడం, ధర అర్థం చేసుకోవడం వస్తే సరిపోతుంది. రోజుకు అరగంట, మూడు వారాలు పెట్టుకోండి. ఇంగ్లిష్ మీదుగా కాకుండా తెలుగు మీదుగా వెళ్తే సగం బరువు తగ్గుతుంది.

1. నోట్సు తెలుగులో రాసుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో దీర్ఘాలు జారిపోతాయి. ‘బిరు’ అంటే భవనం, ‘బీరు’ అంటే మనకు తెలిసిన బీరే. ‘ఒబసన్’ అత్త, పిన్ని వయసావిడ. ‘ఒబాసన్’ అంటే బామ్మ. నలభై ఏళ్లావిడ దగ్గర దీర్ఘం పెట్టి పలికితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ‘త్సు’ అనే శబ్దం ఇంగ్లిష్ వాళ్లను ఏడిపిస్తుంది గానీ, ‘చుక్క’లో మనం పలికే ‘చు’ దాదాపు అదే. ‘ట’, ‘డ’లు వద్దు, ‘త’, ‘ద’లే పలకండి: టోక్యో కాదు, తోక్యో. మనవాళ్లు తప్పేది చివరి ‘ఉ’ దగ్గర. ‘దెసు’, ‘మసు’ అని రాసినా పలికేటప్పుడు దాదాపు ‘దెస్’, ‘మస్’.

2. వాక్యం తెలుగు వరసలోనే కట్టండి. క్రియ చివరికే వస్తుంది. విభక్తులు కూడా మనలాగే మాట వెనకాలే: ‘కర’ నుంచి, ‘మదె’ వరకు, ‘ని’ కి, ‘దె’ లో. ‘తోక్యో కర క్యోతో మదె’ అంటే టోక్యో నుంచి క్యోటో వరకు. ప్రశ్నకు మనం ‘ఆ’ తగిలించినట్టు వాళ్లు ‘క’ తగిలిస్తారు. ‘ఎకి వ దొకొ దెస్ క?’ అంటే స్టేషన్ ఎక్కడ? ‘ఎకి’ తీసేసి ‘తొయిరె’ (మరుగుదొడ్డి), ‘హొతెరు’ (హోటల్) పెట్టి చూడండి. ‘సన్’ అంటే మన ‘గారు’. అందుకే సొంత పేరుకు తగిలించరు.

3. అంకెలకు నాలుగు రోజులివ్వండి. ఇచి, ని, సన్, యొన్, గొ, రొకు, నన, హచి, క్యూ, జూ. వంద ‘హ్యకు’, వెయ్యి ‘సెన్’. 1,280 యెన్‌లు ‘సెన్ నిహ్యకు హచిజూ ఎన్’. మెలిక 300 (సంబ్యకు), 600 (రొప్ప్యకు), 800 (హప్ప్యకు) దగ్గర. ఆపైన లెక్క పదివేలతో, అంటే ‘మన్’తో నడుస్తుంది, మన లక్ష వాళ్లకు ‘జూమన్’, పది పదివేలు. వస్తువులు అడిగేటప్పుడు వేరే మాటలు: హితొత్సు (ఒకటి), ఫుతత్సు (రెండు), మిత్త్సు (మూడు). మెనూలో బొమ్మ చూపించి ‘కొరె ఒ ఫుతత్సు కుదసై’ అంటే ఇవి రెండు ఇవ్వండి.

4. చదవడానికి ముందు కతకన. రెండూ జపనీస్ అక్షరమాలలే, మామూలుగా మొదట నేర్పేది హిరగన కాదా అంటారేమో. విదేశీ మాటలు ఎక్కువగా కతకనలోనే రాస్తారు కాబట్టి, చదివితే చాలు, చాలావాటికి అర్థం వెతుక్కోనక్కర్లేదు: కోహీ (కాఫీ), కేకి (కేకు), కరే (కర్రీ). మూల అక్షరాలు 46. రోజుకు పది, గుర్తుపడితే చాలు. వరుస అ-ఇ-ఉ-ఎ-ఒ, తర్వాత క, స, త, న... మన వర్ణమాలకు దగ్గరి చుట్టం. ‘షి’, ‘త్సు’ కవల పిల్లల్లా ఉంటాయి: చిన్న గీతలు ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి ఉంటే ‘షి’, పైన పక్కపక్కన ఉంటే ‘త్సు’.

5. జవాబులు వినడం నేర్చుకోండి. ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు. ప్రశ్న చక్కగా అడుగుతారు, జవాబు గడగడా వచ్చేస్తుంది. అందులో ‘మిగి’ (కుడి), ‘హిదరి’ (ఎడమ), ‘మస్సుగు’ (తిన్నగా) మాత్రం పట్టుకోండి. దుకాణంలో ‘ఫుకురొ’ వినపడితే సంచీ కావాలా అని. ప్లాస్టిక్ సంచీకి 2020 జూలై నుంచి డబ్బు తీసుకుంటున్నారు. ‘అతతమెమస్ క’ అంటే వేడి చేయమంటారా అని. కావాలంటే ‘ఒనెగై షిమస్’, వద్దంటే ‘దైజోబు దెస్’. గుమ్మంలో ‘ఇరష్షైమసె’ అంటే మన ‘రండి రండి’, బదులు చెప్పనక్కర్లేదు.

శాకాహారులకు: ‘బెజితరియన్’ అంటే సరిపోదు. మాంసం ముక్కలు తీసేసినా, మిసో (సోయా ముద్ద) సూప్‌లో, ఉదొన్ (లావు గోధుమ నూడుల్స్) రసంలో ఎండు చేపతో కాచిన ‘దషి’ సాధారణంగా ఉంటుంది. దాన్ని చేప కిందకి లెక్కేయనివాళ్లూ ఉంటారు. ‘నికు తొ సకన వ తబెమసెన్’ (మాంసం, చేప తినను) అని ఊరుకోకుండా, ‘సకన నొ దషి వ హైత్తె ఇమస్ క?’ (చేప దషి వేశారా?) అని కూడా అడగండి. ఈ రెండు వాక్యాలూ జపనీస్ లిపిలో ఫోన్‌లో దాచుకుని వెళ్తే, నోరు తడబడ్డప్పుడు చూపించొచ్చు.