దక్షిణాఫ్రికా తెల్ల నాయకుల పాఠం: మే 31తో మొదలుపెట్టండి

పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద రోజూ సాయంత్రం పదిమంది పిల్లలకు సోషల్ చెబుతాను. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, పోటీ పరీక్షలకు ఇంగ్లీషు. మూడు భాషలు వచ్చిన పిల్లలకు కూడా దక్షిణాఫ్రికా పాఠం దగ్గర నోరు తిరగదు. "ఏటి మాస్టారూ ఈ పేర్లు!" అంటారు. ఈ పాఠం చెప్పాల్సిన టీచర్ల కోసం, సొంతంగా చదువుకునేవాళ్ళ కోసం నా పద్ధతి రాస్తున్నాను.

ఈ పాఠం మీద నాకు ఇంటి మమకారం ఉంది. మా ముత్తాత తమ్ముడు చెరకు తోటల కూలికి ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నెటాల్ వెళ్ళాడు. మా వీధిలో రంగం, అంటే బర్మా, పోయినవాళ్ళు కొందరు తిరిగొచ్చారు గానీ ఆయన రాలేదు. ఇంట్లో "నెటాల్ తాత" అన్న మాటే మిగిలింది, అసలు పేరు మిగల్లేదు.

ముందు బోర్డు మీద "మే 31" అని పెద్దగా రాయండి. దాని కింద మూడు సంవత్సరాలు: 1902, 1910, 1961. మొదటి మే 31న బోయర్లు, అంటే అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతి తెల్లవాళ్ళు, బ్రిటిష్‌వాళ్ళకు లొంగిపోయి సంధి చేసుకున్నారు. ఎనిమిదేళ్ళకు అదే తేదీన దక్షిణాఫ్రికా యూనియన్ పుట్టింది, నిన్న ఓడిన బోయర్ జనరలే ప్రధాని అయ్యాడు. 1961లో మళ్ళీ అదే తేదీన రిపబ్లిక్ అయింది, కామన్వెల్త్ నుంచి బయటికొచ్చింది. ఓడిపోయిన అవమానాన్ని ఆ జాతి ఎంతకాలం గుండెల్లో పెట్టుకుందో పిల్లలకు ఈ ఒక్క తేదీతో అర్థమవుతుంది. అది తెలియకపోతే తర్వాతి నాయకులంతా ఊరికే దుర్మార్గుల వరసలా కనిపిస్తారు.

తర్వాత నోరు తిప్పించండి. బోయర్లు మాట్లాడే ఆఫ్రికాన్స్ డచ్చి నుంచి పుట్టిన భాష. అందులో "వీ" అక్షరాన్ని "ఫ" అని, "డబ్ల్యూ"ని "వ" అని, "జే"ని "య" అని పలుకుతారు. చివర "డ" వస్తే "ట" అవుతుంది. కాబట్టి ఫెర్‌వూర్ట్, ఫోర్‌స్టర్, యాన్ స్మట్స్. బోథా కాదు, బోటా. పది నిమిషాలు గట్టిగా అనిపిస్తే సగం టెన్షన్ పోతుంది.

బోటా పేరు దగ్గర ప్రత్యేకంగా ఆగండి. మొదటి ప్రధాని లూయీ బోటా (1910–19). 1978లో వచ్చినవాడు పీ.డబ్ల్యూ. బోటా. ఆయన విదేశాంగ మంత్రి పిక్ బోటా ఇంకొకరు. మా పిల్లవాడొకడు మొదటి ఇద్దరినీ ఒకే మనిషి అనుకుని పరీక్షలో జవాబు రాశాడు. ఇంటిపేరు ఒక్కటే నేర్పి వదిలేసిన తప్పు నాది. ముందు పేరు లేకుండా ఏ బోటానూ చెప్పకండి.

ఇప్పుడు నోట్‌బుక్ తెరిపించండి. ఎడమ పేజీలో నాయకుడు, ఆయన సంవత్సరాలు, ఒకటో రెండో చట్టాలు. కుడి పేజీలో ఆ చట్టం ఎవరి మీద పడింది, ఎదురు నిలబడింది ఎవరు. కుడి పేజీ ఖాళీగా ఉంటే ఆ నాయకుడి పాఠం అయినట్టు కాదు. నేను ఇందులో రాజీపడను.

మొదటి ముగ్గురూ, అంటే లూయీ బోటా, స్మట్స్, హెర్ట్‌సోగ్, బోయర్ యుద్ధంలో జనరల్స్. వర్ణవివక్ష 1948లో ఆకాశం నుంచి ఊడిపడిందనుకునేవాళ్ళకు లూయీ బోటా కాలపు 1913 భూమి చట్టం చూపించండి. దేశంలో అత్యధికులైన నల్లవాళ్ళకు అది వదిలిన భూమి దాదాపు 7 శాతం. 1936లో, హెర్ట్‌సోగ్ కాలంలో, దాన్ని సుమారు 13 శాతానికి పెంచుతామన్నారు. స్మట్స్ పేజీకి చోటెక్కువ వదలండి. 1914లో గాంధీతో ఒప్పందానికి వచ్చినవాడు ఆయనే. మనవాళ్ళ నడ్డి విరిచిన 3 పౌన్ల పన్ను అప్పుడే పోయింది. గాంధీ జైల్లో కుట్టిన చెప్పులు ఆయనకు బహుమతిగా ఇచ్చాడు. ఐక్యరాజ్యసమితి చార్టర్ పీఠికలో కూడా స్మట్స్ చెయ్యి ఉంది. అదే స్మట్స్ ప్రభుత్వం 1946లో భారతీయులు భూమి కొనకుండా కట్టడి చేసే చట్టం తెచ్చింది, మన దేశం ఆ ఏడాదే వాళ్ళతో వ్యాపారం తెంచుకుంది. ఈ రెండు ముఖాలూ ఒకే పేజీలో ఉండాలి.

1948 దగ్గర లెక్క చేయించండి. సభలో 153 సీట్లు. నేషనల్ పార్టీకి 70, తోడొచ్చిన ఆఫ్రికానర్ పార్టీకి 9, మొత్తం 79. ఓట్లు ఎక్కువ వచ్చింది స్మట్స్ పార్టీకి, గద్దె దక్కింది డీ.ఎఫ్. మలాన్‌కు. పల్లె నియోజకవర్గాల్లో తక్కువ ఓట్లతోనే సీటు వచ్చేది. ఓటరు జాబితాలో దాదాపు అందరూ తెల్లవాళ్ళే. చర్చి పాస్టరుగా పనిచేసి, పత్రిక నడిపి వచ్చినవాడు మలాన్. 1949లో తెల్లవాళ్ళకూ ఇతరులకూ మధ్య పెళ్ళిళ్ళ నిషేధం, 1950లో ప్రతి మనిషినీ జాతి రాసి నమోదు చెయ్యడం, అదే ఏడాది జాతికో పేట చొప్పున ఊళ్ళను విడగొట్టే చట్టం. డర్బన్‌లో కేటో మేనర్ నుంచి భారతీయ కుటుంబాల్ని లేపి చాట్స్‌వర్త్‌కు తోలింది ఈ చట్టమే. కుడి పేజీలో అది రాయించేటప్పుడు నేను ఒక్క నిమిషం మాట్లాడను.

స్ట్రైడమ్ (1954–58) గురించి ఒక్కటి చాలు. కేప్‌లో మిశ్రజాతివాళ్ళ ఓటు తీసెయ్యడానికి బలం చాలకపోతే, సెనేట్‌ను 48 మంది నుంచి 89కి పెంచి పని కానిచ్చారు. కుడి పేజీలో 1956 ఆగస్టు 9న నల్లవాళ్ళు వెంట పాసు పెట్టుకోవాలన్న చట్టాన్ని ఎదిరిస్తూ రాజధాని ప్రిటోరియాకు నడిచిన వేలాది ఆడవాళ్ళు.

ఫెర్‌వూర్ట్‌కు ఒక సాయంత్రమంతా ఇవ్వండి. పుట్టింది ఆమ్‌స్టర్‌డామ్‌లో, చదివింది మనస్తత్వశాస్త్రం, చేసింది ప్రొఫెసర్ ఉద్యోగం. చదువులేనివాళ్ళే ద్వేషిస్తారనుకునే పిల్లలకు ఈయన పేజీ అవసరం. ప్రధాని కాకముందే, నల్లవాళ్ళ వ్యవహారాల మంత్రిగా, 1953 చట్టంతో వాళ్ళ చదువును కూలిపనికి సరిపడేంతకు కుదించాడు. ప్రధాని అయ్యాక వాళ్ళను సొంత దేశంలోనే పరాయివాళ్ళను చేసే "హోమ్‌లాండ్స్" పథకం నడిపాడు. కుడివైపు 1960 మార్చి 21, షార్ప్‌విల్, పోలీసు కాల్పుల్లో చనిపోయిన 69 మంది. దాని కింద 1964లో మండేలాకు యావజ్జీవం. 1966లో పార్లమెంటులోనే ఒక మెసెంజర్ ఫెర్‌వూర్ట్‌ను పొడిచి చంపాడు.

ఫోర్‌స్టర్ పేజీలో మా పిల్లలు తమంతట తామే కదులుతారు. సగం పాఠాలు ఆఫ్రికాన్స్‌లోనే చెప్పాలన్నందుకు 1976 జూన్ 16న సొవేటో అనే నల్లవాళ్ళ పేటలో బడిపిల్లలు వీధిలోకి వచ్చారు, పోలీసులు కాల్చారు, హెక్టర్ పీటర్సన్ అనే పిల్లవాడు చనిపోయాడు. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి అయిన మా ఊళ్ళో ఇది వెంటనే తగులుతుంది. కానీ రెండూ ఒకటేననుకోనివ్వకండి. మనకు ఓటుంది, అడిగే నోరుంది. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పనిచేసిన ఊరు ఇది. ఆయన పేరు అక్కడ తప్పకుండా చెబుతాను.

పీ.డబ్ల్యూ. బోటాకు బొమ్మ వేయించండి. 1984లో మొదలైన పార్లమెంటుకు మూడు గదులు: తెల్లవాళ్ళకు 178 మంది, మిశ్రజాతివాళ్ళకు 85, భారతీయులకు 45. నల్లవాళ్ళకు గది ఎక్కడుందని అడగండి. పిల్లలు వెతుకుతారు, దొరకదు. ఆ ఎన్నికల్లో అత్యధిక భారతీయులు ఓటు వెయ్యలేదు. ఈ ముక్క చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం మారుతుందని పిల్లలే అన్నారు.

చివరి తెల్ల అధ్యక్షుడు డి క్లెర్క్ దగ్గర అన్నీ ఆయన పేరునే రాసెయ్యకండి. 1990 ఫిబ్రవరి 2న మండేలా పార్టీ ఏఎన్‌సీ లాంటి వాటి మీద ఉన్న నిషేధాలు ఎత్తేశాడు, 11న మండేలా బయటికొచ్చాడు, 1993లో ఇద్దరికీ నోబెల్. నిజమే. అయితే ఆయన్ని అక్కడిదాకా నెట్టింది కుడి పేజీ అంతా.

చివరి సాయంత్రం ఎడమ పేజీలు మూసేయించి కుడివైపు నుంచి అడగండి. సొవేటో కాల్పులప్పుడు ప్రధాని ఎవరు? షార్ప్‌విల్‌కు? చాట్స్‌వర్త్‌కు ఆధారమైన చట్టం ఎవరిది? కుడి నుంచి ఎడమకు చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే. 1994 ఏప్రిల్ 27 నాటి కుడి పేజీలో, ఓటుకు వరసలో నిలబడ్డవాళ్ళ కింద, నా నోట్‌బుక్‌లో మాత్రం ఒక గీత ఖాళీగా ఉంచాను. నెటాల్ తాత పేరు దొరికితే అక్కడ రాస్తాను.